పుట తిప్పే చప్పుడు

మొన్న ఆదివారం మా చర్చిలో పాటల కోసమని గోడ మీద పెద్ద తెర బిగించారు. అందరూ తలెత్తి పాడుతుంటే నా కళ్లు మాత్రం అలవాటు కొద్దీ పక్కావిడ ఒళ్లోకి పోయాయి, పుస్తకం ఏ పుట దగ్గరుందోనని. ఈ అలవాటు ఎలా వచ్చిందో నా ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుంది.

తొంభైల నాటి మాట. తణుకు దగ్గర పల్లెలో నేను ఊడ్పులకూ కోతలకూ వెళ్లేదాన్ని. నేను అక్కా అని పిలిచే మా పెద్ద తోడికోడలూ నాతోపాటే బురదలో దిగేది, కానీ ఆవిడ ఏడో తరగతి దాకా చదువుకుంది. నాకు అక్షరం ముక్క రాదు. వారమంతా ఇద్దరం ఒకటే. ఆదివారం మాత్రం పాస్టరమ్మగారు వాక్యం చదవమని అక్కనే లేపేవారు. ఆవిడ చదువుతుంటే నాకు కళ్లలో కారం కొట్టినట్టుండేది. పాటలన్నీ నాకు నోటికొచ్చు, అక్క కంటే బాగా పాడతాను కూడా. అయినా చేతిలో పుస్తకం లేకపోతే చిన్నతనమని నేనూ ఒకటి కొనుక్కుని, అక్క పక్కనే కూర్చుని, ఆవిడ పుట తిప్పినప్పుడల్లా తిప్పేదాన్ని. ఆవిడ తిప్పడం చూడాలి! వేలు తడి చేసుకుని, పుట పైకెత్తి, గాలిలో కాసేపు ఆపి, చప్పుడు చేస్తూ తిప్పేది. తన చదువంతా నా ముఖాన కొడుతోందనిపించేది.

ఆ కుళ్లుతోనే నలభై దాటాక వయోజన బడిలో చేరాను. రెండేళ్లకు కూడబలుక్కుని చదవడం వచ్చింది. రాగానే అక్క పక్క నుంచి లేచి, కావాలనే ముందు వరసలోకి మారాను.

అక్కడ నా పక్కన, ఊరికి కొత్తగా వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుంది. పాట మొదలైన దగ్గర నుంచీ నా చేతుల వంక దొంగచూపులు చూస్తోంది. నేను మామూలుగా పుట తిప్పేసరికి ఆవిడ వెనకబడి, సిగ్గుపడి పుస్తకం మూసేసింది. రెండో పాటకు నా వేలు దానంతటదే ముందుగా పుట ఎత్తి, కాసేపు ఆగి, చప్పుడు చేస్తూ తిప్పింది. పెద్దావిడ నాతోపాటే తిప్పింది. నేను వెనక వరసలో ఉన్న అక్క వంక తిరిగి చూశాను.

చర్చి వదలగానే వెళ్లి అక్క కొంగు పట్టుకున్నాను.

"ఇన్నేళ్లూ నా కోసమే అలా తిప్పావా అక్కా?"

"మరి? అంత చప్పుడు చేసినా ఒక్కోసారి రెండేసి పుటలు తిప్పేసేదానివి కదే! నవ్వాపుకోలేక చచ్చేదాన్ని."

అక్క పోయి అయిదేళ్లయింది. ఇప్పుడు వాక్యం చదవమని నన్నే లేపుతున్నారు. అక్కకున్న చదువు నాకూ వచ్చింది. కానీ ఆవిడ నా పరువు అన్నేళ్లు కాపాడి, నేను అడిగేదాకా ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. నేనో, ఆ పెద్దావిడకు చేసిన సాయం ఆ సాయంత్రమే ఇంటిల్లిపాదికీ చెప్పుకున్నాను. అందుకే అక్కంటే నాకు ఇప్పటికీ కుళ్లే.