ఓడిపోయినందుకు కేకు

మా ఆఫీసులో కేసు ఓడిపోతే కేకు కోసేవాళ్ళం. నవ్వకండి, దానికి చట్టపరమైన కారణం ఉంది.

రెండు అమెరికా ఖండాల దేశాలు చాలావరకు కలిసి ఒక మానవ హక్కుల కోర్టు పెట్టుకున్నాయి. నేనుంటున్న ఈ అమెరికా మాత్రం ఆ కోర్టు మాట వింటానని ఇప్పటికీ ఒప్పుకోలేదు. అయితే ఆ కోర్టుకి ముందు దాటాల్సిన కమిషన్‌ని తన రాజధానిలోనే కూర్చోబెట్టుకుంది. మామూలు మనిషి నేరుగా కోర్టుకి వెళ్ళకూడదు, ముందు ఆ కమిషన్‌కి అర్జీ పెట్టాలి. అర్జీ పెట్టాలంటే సొంత దేశంలో కింది కోర్టు నుంచి పై కోర్టు దాకా అన్నిట్లోనూ ఓడిపోయి రావాలి. గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని మనవాళ్ళ సామెత. మా ఆఫీసు సంగతి తెలిసుంటే, ఓడినవాడి తరఫువాళ్ళు కేకు ఆర్డర్ చేశారని కూడా చేర్చేవాళ్ళు.

ఆఫీసంటే ఇలాంటి కేసులు నడిపే ఒక చిన్న సంఘం, న్యూజెర్సీలో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పైన రెండు గదులు. నేను ఎల్‌ఎల్‌ఎం పూర్తి చేసి, చదువయ్యాక ఇచ్చే ఏడాది వర్క్ పర్మిట్ మీద అక్కడ చేరాను. పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ మొత్తానికి కోడ్ రాయనిదాన్ని నేనొక్కదాన్నే. అందుకని అందరూ నన్ను కాస్త జాలిగా చూసేవాళ్ళు.

అక్కడ నాకు అప్పగించిన మొదటి కేసు ఆంటీది. ఆవిడది మధ్య అమెరికాలో ఒక చిన్న దేశం. ఇక్కడ ఆఫీసులు క్లీన్ చేసేది. ఊళ్ళో ఆవిడ అన్న బస్సు డ్రైవరు, డ్రైవర్ల సంఘంలో తిరిగేవాడు. ఒక పొద్దున పోలీసులొచ్చి మాట్లాడాలని తీసుకెళ్ళారు. ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు కాబోలు, తిరిగి రాలేదు.

పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. మొదటిరోజే ఆంటీ అన్నాను. అది ప్రొఫెషనల్ కాదని మా డైరెక్టర్ పక్కకి పిలిచి చెప్పింది. డైరెక్టర్ మాత్రం ఆవిడని ‘మన పిటిషనర్’ అనేది. అది ప్రొఫెషనల్.

డైరెక్టర్ చెడ్డది కాదు. జీవితమంతా ఇలాంటి కేసులకే ధారపోసింది. కాకపోతే మనుషుల్ని కేసుల్లోంచి తప్ప చూడలేదు.

"ఈ కేసుతో ఖండం మొత్తంలో చట్టం మారిపోతుంది," అని ఒకసారి ఆంటీతో అంది.

"మంచిది. మా అన్నని ఎక్కడ పాతిపెట్టారో కూడా చెప్తారా?" అని అడిగింది ఆంటీ.

"అది మన అర్జీ డ్రాఫ్టులో నలభయ్యో పేజీలో అడిగాం."

ఆంటీకి కావాల్సింది ఆ నలభయ్యో పేజీ ఒక్కటే. మిగతా ముప్పై తొమ్మిదీ మాకు కావాలి. కోర్టుకి మా లాంటి సంఘాలు కావాలి, లేకపోతే కేసులు ఎవరు మోసుకొస్తారు? మాకు కోర్టు కావాలి, లేకపోతే మా పనేంటి? ఇద్దరం మా మా రిపోర్టుల్లో ఒకరినొకరు పొగుడుకునేవాళ్ళం. మధ్యలో ఆంటీ అడకత్తెరలో పోకచెక్క.

చివరికి వాళ్ళ దేశంలో అత్యున్నత కోర్టు కూడా అప్పీలు కొట్టేసింది. ఆ వార్త రాగానే మా రెండు గదుల్లో చప్పట్లు. అన్ని మెట్లూ ఎక్కి అన్నిట్లోనూ ఓడిపోయాం, ఇక ఆర్నెల్ల లోపు అర్జీ పెట్టేయొచ్చు. కేకు తెచ్చే బాధ్యత నాది. దాని మీద ‘కంగ్రాట్స్ టీమ్’ అని రాయించాను.

దారిలో ఉండగా రూమ్మేట్ ఫోన్ చేసింది. వాళ్ళది వరంగల్.

"ఏందే, మళ్ళ ఓడిపోయిన్రా? కంగ్రాట్స్. లా చదివి కేక్ పికప్ చేసుడేనా నీ జాబ్?"

ఒక ముక్క నీక్కూడా తెస్తాలే అన్నాను. అప్పుడు నాకూ నవ్వొచ్చింది.

కత్తి పట్టుకునేసరికి తలుపు తీసుకుని ఆంటీ వచ్చింది. సంతకాలకి రమ్మని పిలిచింది మేమే, మర్చిపోయిందీ మేమే. డైరెక్టర్ కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయింది. నేను డబ్బా మూత కేకు మీదికి లాగాను.

"ఎవరి పుట్టినరోజు?" అంది ఆంటీ.

"నాదే," అన్నాను. ఎల్‌ఎల్‌ఎంలో నేర్చుకున్న వాదనాపటిమ అంతా ఆ ఒక్క మాటలో ఖర్చయిపోయింది.

ఆవిడ నా తల మీద చెయ్యి వేసి ఏదో దీవించి, సంతకాలు పెట్టి, ఒక ముక్క తిని వెళ్ళింది. ఆ చెయ్యి వేసినప్పుడు నాకు చచ్చిపోవాలనిపించింది.

అర్జీకి నంబరొచ్చింది. తర్వాత ‘పరిశీలనలో ఉంది’ అన్నారు. మరుసటి ఏడూ అదే. మానవ హక్కుల విషయంలో నిదానమే ప్రధానమని కమిషన్ నమ్మకం. ఈలోగా నేను వీసా కోసం ఒక కంపెనీలో చేరి కాంట్రాక్టులు చదువుకుంటున్నాను. డైరెక్టర్ ఆ కేసు గురించి సదస్సుల్లో మాట్లాడుతూనే ఉంది.

ఆంటీ మాత్రం ఏటా సరిగ్గా అదే తారీఖున ఫోన్ చేసేది. "హ్యాపీ బర్త్‌డే, అమ్మాయ్." కేసు గురించి ఒక్క మాట ఉండేది కాదు. నా అసలు పుట్టినరోజు ఇంకో నెలలో. ఫోన్ పెట్టేశాక సిగ్గుతో కూర్చోలేక పాత ఆఫీసుకి ఫోన్ చేసి, ఆ కేసు ఎక్కడిదాకా వచ్చిందని సతాయించేదాన్ని. వాళ్ళు నా పోరు పడలేక కమిషన్‌కి ఒక ఉత్తరం రాసి, కాపీ ఆంటీకి పంపేవాళ్ళు. ఏడాది మొత్తంలో ఆ ఫైలు కదిలేది ఆ ఒక్కసారే.

ఈ ఏడు ఐదో ఫోన్ వచ్చింది. ఇక నావల్ల కాలేదు.

"ఆంటీ, ఆ రోజు నా బర్త్‌డే కాదు. మీ కేసు కొట్టేశారని తెచ్చిన కేకు అది. సారీ," అన్నాను.

అవతల వాక్యూమ్ క్లీనర్ ఆపిన చప్పుడయింది.

"తెలుసు. మూత సగమే పడింది. టీమ్ అన్న మాట కనిపించింది."

"మరి ఏటా ఎందుకు విష్ చేస్తున్నారు?"

"కేసేమైందని అడిగితే పరిశీలనలో ఉందని పెట్టేస్తారు. పుట్టినరోజని చెప్తే నువ్వు రోజంతా తలుచుకుంటావు," అంది ఆంటీ. "కమిషన్‌కి ఉత్తరం ఇవాళే రాయించు," అని మళ్ళీ క్లీనర్ ఆన్ చేసింది.