ఇది నీకు రాదు అన్నాను

ఒక మాట ఏళ్ళ తరబడి నాలోనే ఉండిపోయింది. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీకెందుకు చెబుతున్నానో నాకే సరిగ్గా తెలియదు. మీరు నన్ను ఎరగరు కాబట్టేనేమో.

తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్‌గా ఉండేదాన్ని. ఆ స్కూలు మూతపడింది. నలభైకి దగ్గరపడుతున్న వయసులో రోజూ రైలెక్కి ఏలూరు వెళ్ళి ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. క్లాసులో అందరూ డిగ్రీ పిల్లలు. నన్ను ఆంటీ అనేవాళ్ళు. అక్కా అన్నది నాగమణి ఒక్కతే.

ఆమెది కొల్లేటి లంక ఊరు. ఇంటర్ చదివింది. పొద్దున క్లాసు, మధ్యాహ్నం నుంచి రొయ్యల షెడ్డులో పని. ఐసులో నాని వేళ్ళ చివర్లు పగిలిపోయి ఉండేవి. కీబోర్డు నొక్కినప్పుడల్లా మొహం చిట్లించేది. భర్త చేపల చెరువుల మీద పనిచేసేవాడు. ఎండాకాలంలోపు ఉద్యోగం రాకపోతే మానేస్తానని అతనికి మాటిచ్చి వచ్చింది.

మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి మొదట్లో అన్నీ నేనే చూపించాను. నాకది బావుండేది. కొన్ని నెలలకి ఆమె నన్ను దాటిపోయింది. అది బావుండలేదు. కంప్యూటర్ తప్పు చూపిస్తే నాకు ఏడుపొచ్చేది. ఆమె నవ్వేది. "ఎక్కడో అలిగిందక్కా" అంటూ వెతుక్కునేది.

విజయవాడలో ఒక చిన్న ఆఫీసువాళ్ళు మా బ్యాచ్ నుంచి ఒక్కరిని తీసుకుంటామన్నారు. ఎవరికి వారు ఒక ప్రోగ్రాం రాసి చూపించాలి. నేను మార్కుల జాబితా చేశాను, పాఠంలో ఉన్నదే కాస్త అటూ ఇటూ మార్చి. నాగమణి ఏ చెరువుకి ఎంత మేత వెయ్యాలో చెప్పే ప్రోగ్రాం రాసింది. ఆలోచన మొత్తం ఆమె సొంతం.

ముందురోజు అది మొండికేసింది. చెరువులన్నిటికీ లెక్క చెప్పాల్సింది ఆఖరి చెరువుకి మాత్రమే చెబుతోంది. నన్ను పిలిచింది. చూడగానే నాకు తెలిసిపోయింది. మళ్ళీ మళ్ళీ జరగాల్సిన పనిని కాస్త లోపలికి జరిపి రాయాలి. ఆమె ఒక్క వాక్యాన్ని బయట వదిలేసింది. అంతే.

"పొద్దున్నుంచీ ఇదేనక్కా. నాకు రాదేమోనండి. మీరు చెప్పండి, వస్తుందంటారా?"

ఆమె భుజం మీద చెయ్యి వేశాను. అవును, చెయ్యి కూడా వేశాను.

"నీ మంచి కోరి చెబుతున్నాను నాగమణీ. ఇది కష్టపడితే వచ్చేది కాదు. కొందరికి బుర్ర అలా ఉంటుంది, కొందరికి ఉండదు. ఇది నీకు రాదమ్మా."

"అంతేనంటారా?"

"అంతే."

"ఆయ్" అంది. కంప్యూటర్ ఆపేసి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఉద్యోగం నాకొచ్చింది.

ఎందుకలా అన్నాను? అవసరం అని చెప్పుకోవడం నాకిష్టం. కానీ ఒక్క అవసరమే అయితే "నాకూ అర్థం కావట్లేదు" అని ఊరుకుంటే సరిపోయేది కదా. అంతటితో ఆగకుండా అసలు బుర్రే లేదని చెప్పానంటే, వేళ్ళు పగిలిన ఆ మనిషి నన్ను దాటి వెళ్ళడం ఆ ఉద్యోగం చేజారుతుందన్న భయం కన్నా ఎక్కువగా నన్ను కోసిందన్నమాట. ఆ రోజు నాకిది తెలుసా? తెలుసు.

మొన్న వేసవిలో ఏలూరు బస్టాండులో కనిపించింది. పక్కన కూతురు. పది పాసైందట. నాగమణి పరిగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకుంది.

"మీరు ఆ రోజు నిజం చెప్పబట్టి సరిపోయిందక్కా. లేకపోతే ఇంకా ఎన్నాళ్ళు తిరిగేదాన్నో. ఇప్పుడిదేమో పాలిటెక్నిక్‌లో కంప్యూటర్స్ తీసుకుంటానంటోందండి. వద్దన్నాను. తల్లికి లేని బుర్ర దీనికెక్కణ్ణుంచి వస్తుంది? మీరైనా చెప్పండి."

ఆ పిల్ల నా వైపు చూసింది. వాళ్ళమ్మ మాట కొట్టిపారేస్తానని ఆశపడుతోంది. మీ అమ్మకి బాగా వచ్చేదమ్మా అంటే చాలు. కానీ ఆ మాట అంటే తర్వాతి ప్రశ్న నాకే వస్తుంది.

"అమ్మ నీ మంచికే చెబుతుంది" అన్నాను.

రెండోసారి. ఈసారి నాకు ఉద్యోగం లేదనీ కాదు, పోటీ ఉందనీ కాదు. పిల్ల తల దించుకుంది. నాగమణి దణ్ణం పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని బస్సెక్కింది.

ఆమె ఊరు నాకు తెలుసు. ఏలూరు నుంచి అంత దూరమేమీ కాదు. వెళ్ళలేదు. ఈ ఆదివారం అనుకుంటాను, ఆదివారం వస్తుంది, ఇంట్లో పనేదో దొరుకుతుంది. వెళతానని మీకు మాటివ్వను.

నాగమణికి ఆ పని వచ్చు. తెలిసే రాదన్నాను. ఇలా రాసేశాక కాస్త ఊపిరాడుతోంది. ఆ ఊపిరి కూడా నాకే. ఆమెకి ఇందులో దక్కిందేమీ లేదు.