మూడు పలకల్లో ఒకే గీత

మంగళవారం పొద్దున ఆరున్నరకు ఏక్‌బాల్‌పూర్‌లోని తన ఇంట్లో మా మావయ్య చనిపోయాడు. ముందురోజు నాచేత ఒక ఉత్తరం రాయించి సంతకం పెట్టాడు. అది ఇంకా నా దగ్గరే ఉంది.

ఆయన తండ్రి శ్రీకాకుళం నుంచి ఈ బెంగాలీల ఊరికి వచ్చి, ఇక్కడి ఓడరేవు డాకుల్లో మూటలు మోశాడు. మావయ్య ఒక కాలేజీ భూగర్భశాస్త్ర విభాగంలో ముప్పై ఏళ్లు రాళ్లు అరగదీశాడు. రాతిముక్కను గాజు పలకకు అతికించి, వెలుతురు దూరేంత పలచన చేసేవాడు. లోడ్‌షెడ్డింగ్‌లో యంత్రం ఆగేది, ఆయన ఆగేవాడు కాదు. కిటికీ పక్కన కూర్చుని గరుకు పొడి, నీళ్లు వేసి చేత్తోనే రుద్దేవాడు.

ఎనభైల్లో ఒక సున్నపురాయి వచ్చింది. పలకలో పగులు వెంట తెల్లటి పోగుల గీత కనిపించింది. అది అరగదీతలో పడిన లోపమనీ, పారేయమనీ ఆ రాయి తెచ్చిన పరిశోధకుడు అన్నాడు. మావయ్య పారేయలేదు. అదే రాయిని పక్కపక్కనే ఇంకో రెండుసార్లు కోశాడు. గీత అక్కడా ఉంది. మూడూ బల్లమీద పెట్టి, తన చెయ్యి మూడుసార్లూ ఒకేచోట తప్పుతుందా దాదా అని బెంగాలీలో అడిగాడు.

అది లోపం కాదని అప్పుడు తేలింది. భూమి లోపలి వేడికి రాతిలోని సున్నం, ఇసుక కలిసి ఆ తెల్లటి కొత్త ఖనిజమయ్యాయి. అలా మారేటప్పుడు బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. అది పోయే దారి లేకపోతే మార్పు ఆగిపోతుంది. పగుల్లోంచి వచ్చిన నీరు దాన్ని మోసుకుపోయింది. గీత పగులు వెంటే ఉండడానికి కారణం అదే. పరిశోధకుడు ఈ సంగతి వ్యాసంగా అచ్చువేయించాడు. అందులో మావయ్య పేరు లేదు.

ఆ వారమే మావయ్య మూడు పలకల మూలల్లో వజ్రపు ములికితో తన గుర్తు గీశాడు. తర్వాత చేసిన ప్రతి పలక మీదా గీశాడు. వద్దని నోటీసు ఇచ్చారు. నోటీసు అందిన రోజు కూడా గీశాడు.

నేను విలేఖరినయ్యాక, నా వార్త ఏది చదివి వినిపించినా ఒకటే అడిగేవాడు. "ఏటమ్మా, సూసి రాసినావా, యిని రాసినావా?" విని రాసినరోజు నాకు టీ ఇచ్చేవాడు కాదు.

పోయిన నెల ఆ విభాగంలో పాత పలకల గది ఖాళీ చేస్తున్నారని తెలిసింది. మావయ్య మూడు పలకల్లో రెండు నకళ్లట, పారేస్తారట. ఒకటి ఉంచుతున్నాం కదా అని విభాగంవాళ్లు అన్నారు.

"ఒకటే ఉంటే మల్లీ నా సెయ్యే తప్పంతారు," అన్నాడు మావయ్య మంచంమీద నుంచి. "మూడూ ఉండాల."

ఉత్తరంలో ఉన్నది ఆ ఒక్క మాటే.

వచ్చే సోమవారం పదకొండుకు ఆ పలకల గది తాళం తీస్తారు. నేను పదింటికే గుమ్మం దగ్గర ఉంటాను. ఉత్తరం ఇచ్చి, మూడు పలకలూ ఆయన కూర్చున్న కిటికీ వెలుతురుకు పట్టి వాళ్లకు చూపిస్తాను.