పాలగిన్నె మీద వేసిన ఒట్టు

మా గల్లీలో అర్జీలు రాసే చాచా పోయిన శుక్రవారం పొద్దున కన్నుమూశారు. నేను పాలు పోస్తుండగా కబురు తెలిసింది. అప్పటికి సగం ఇళ్లకు పోశాను. మిగతా ఇళ్లకు ఎలా పోశానో గుర్తు లేదు.

ఉప్పుగూడలో మావి గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. ఆయన నమాజు చదివి వచ్చే వేళకు మా ఇంట్లో పూజ నడుస్తూ ఉండేది. ఏదైనా పని ఉంటే వాకిలి బయటే నిలబడేవారు. గంట చప్పుడు ఆగాకే, "బేటీ, అయ్యిందా?" అని పిలిచేవారు. ఒక్కసారి కూడా మధ్యలో పిలవలేదు.

కోర్టు బయట టైపు మిషన్ పెట్టుకుని ఎన్నో ఏళ్లు అర్జీలు కొట్టారు. వయసు మీద పడ్డాక ఇంటి అరుగు మీద కూర్చుని చేత్తోనే రాసేవారు. ఎవరు వచ్చినా సంగతి రెండుసార్లు చెప్పించుకునేవారు. "మొదటిసారి కోపం చెప్తది, రెండోసారి మనిషి చెప్తడు" అనేవారు. మొదటిసారి పెన్ను మూత కూడా తీసేవారు కాదు.

మా సంగతి కూడా అలాగే చెప్పించుకున్నారు. మాకు గేదెలున్నాయి, పాల మీదే బతుకు. దగ్గర్లో దాణా అమ్మే దుకాణాలు మూడు. ఒక దాంట్లో ధర ఎక్కువైతే ఇంకో దానికి వెళ్లేవాళ్లం. రెండేళ్ల కిందట ఒకే రోజు మూడింట్లోనూ ధర ఒకేలా పెరిగింది. పక్క దుకాణానికి వెళితే, "మీ గల్లీకి మేం అమ్మం. మీ దుకాణం గదే, ఆడికే పొండి" అన్నారు. ముగ్గురూ కూర్చుని ధర కట్టుకున్నారు, గల్లీలు కూడా పంచుకున్నారు.

చాచా విని, దీనికి చట్టం ఉందన్నారు. పోటీ చట్టమట.

మా ఆయన నవ్వాడు. "పోటీ అంటే ఏంది చాచా, ముగ్గుల పోటీ లెక్కనా?"

"గదే బేటా. అందరు మాట్లాడుకొని ఒక్కటే ముగ్గు ఏస్తే ప్రైజ్ ఎవరికిస్తవ్? దుకాణాలు గూడ గంతే. ఎవని ముగ్గు వాడు ఎయ్యాలె."

ఆ చట్టం చూసే ఆఫీసు ఢిల్లీలో ఉంది, అక్కడికి రాద్దామన్నారు. రెండోసారి చెప్పమన్నారు. అప్పుడు మా ఆయన హుషారుగా అన్నాడు: "మేం గూడ ఊకున్నమా? పాలోళ్లందరం ఒక్క మాట మీదున్నం. మా ఇంట్ల అమ్మవారి ముందట పాలగిన్నె మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్నం. ఒక్కటే రేటు. ఎవ్వరు తగ్గొద్దు."

చాచా పెన్ను మూత పెట్టేశారు. "తగ్గిస్తే?"

"ఒకామె తగ్గించింది. ఆమె దగ్గర ఎవ్వరు కొనకుంట చేసినం."

ఆ ఒకామె మా వెనక గల్లీ అక్క. భర్త లేడు, ఉన్నది ఒక్క గేదె. రైలు పట్టాల పక్కన గడ్డి తానే కోసుకొచ్చేది కాబట్టి తక్కువకు పోయగలిగేది. ఒట్టుకు ఆమె రాలేదు. ఆమె పాలలో నీళ్లున్నాయని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది నేనే. నాది మెల్లగా మాట్లాడే నోరు, రోజూ గుడికి వెళ్లే మనిషిని. అందుకే అందరూ నమ్మారు.

"దాణావోళ్లు చేసిందే మీరు గూడ చేసిర్రు గదా" అన్నారు చాచా.

మా ఆయనకు కోపం వచ్చింది. "గరీబోళ్లం చాచా! ఆ సేట్లతోని మాకు జోడు కడ్తవా?"

"ఆమె నీకంటే గరీబు. మన అసొంటి గరీబు దేశంల ఈ చట్టం ఎందుకు గావాలె? పెద్దోడు నీ గొంతు వట్టుకుంటే, నువ్వు వోయి నీ కిందోళ్ల గొంతు వట్టుకుంటవ్. గందుకే గావాలె." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ముందుగాల మీది తీసెయ్యిర్రి. అప్పుడు రాస్త."

"అమ్మవారి ముందు వేసిన ఒట్టు, ఎట్ల తియ్యాలె చాచా?" అని అడిగాను. నిజంగా భయం వేసింది.

"నీ అమ్మవారి సంగతి నాకేం ఎరుక బేటీ? నువ్వే అడుగు."

మర్నాడు పూజలో చాలాసేపు కూర్చున్నాను. ఇంకొకరి కూడు తీయడానికి ఆ తల్లిని సాక్ష్యం పిలిచాను కదా అని ఏడుపు వచ్చింది. లేచి పాలవాళ్లందరికీ ఆ ఒట్టు లేదని, ఎవరి రేటు వాళ్లదేనని చెప్పి, పాలు కొనే ఇళ్లన్నీ మళ్లీ తిరిగాను.

"మొన్న నీళ్లున్నయంటివి, ఇయ్యాల మంచిగున్నయంటున్నవ్. ఏంది నీ లొల్లి?" అందొకావిడ.

"మొన్న అబద్ధం చెప్పిన" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆవిడ మళ్లీ చెప్పించుకుంది.

చివరకు ఆ అక్క ఇంటికి కూడా వెళ్లాను. ఆమె నాకు కూర్చోమని పీట వేయలేదు. "గేదెను అమ్ముదామని బేరం పెట్టిన, తెల్సా?" అని మాత్రం అంది.

ఆ సాయంత్రం చాచా అర్జీ రాశారు. మేం చేసిన తప్పు కూడా అందులో రాశారు. మా ఆయన వారం రోజులు అలిగాడు, కానీ సంతకం పెట్టాడు. అర్జీ వెళ్లిన సంగతి తెలిసి ఒక దుకాణం మా గల్లీకి మళ్లీ దాణా అమ్మసాగింది. ఢిల్లీలో అది ఏమైందో నాకు ఇంకా తెలియదు. చాచా మాత్రం దాని గురించి అడిగేవారే కాదు. కనబడినప్పుడల్లా, "ఆమె పాలు వోతున్నయా బేటీ?" అనేవారు.

అమ్ముడుపోయాయి. ఆ అక్క గేదెను అమ్మలేదు. నాతో మాట్లాడటానికి ఏడాది పట్టింది.

చాచా పోయాక మూడు రోజులు వాళ్లింటికి చుట్టుపక్కల ఇళ్ల నుంచే భోజనాలు వెళ్లాయి. నాలుగో రోజు పొద్దున వాళ్లింట్లో పొయ్యి వెలిగింది. చాచా కోడలు గిన్నె పట్టుకుని గల్లీ మొదట్లోకి వచ్చింది. అటు పక్క ఆ అక్క, ఇటు పక్క నేను.

"నాయి చిక్కటి పాలు బేటా" అన్నాను.

"నాయి సస్తా, రేటు తక్కువ" అంది అక్క, నా వైపు చూసి నవ్వుతూ.

ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో ఆ పిల్ల ఖాళీ గిన్నె పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ నిలబడింది. మేమిద్దరం తొందరపెట్టలేదు.