పొయ్యి ఒక్కటే

ఆ వీధిలో అందరూ ఆమెను మడతలమ్మ అనేవారు. ఆమె ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా విప్పి తొడుక్కోవడానికి మనసొప్పేది కాదు, మడత అంత పొందిగ్గా ఉండేది. కొడుకు జబ్బుచేసి పోయాక ఆ దుఃఖంలో ఒకరోజు నోరు జారింది. "నువ్వు సరిగ్గా చూసుకుని ఉంటే వాడు బతికేవాడు" అంది కోడలితో. ఆ సాయంత్రమే కోడలు వసారాలో వేరే పొయ్యి పెట్టుకుంది. అప్పటినుంచి ఒకే కప్పు కింద రెండు పొగలు. లోపల అత్త బొగ్గుల ఇస్త్రీపెట్టె, బయట కోడలి కుట్టుమిషను.

వరద వచ్చి పెట్టెనీ మిషనునీ, రెండు పొయ్యిలనీ తేడా చూడకుండా పట్టుకుపోయింది. తలదాచుకున్న బడి గదిలో ఇద్దరికీ కలిపి ఒక్క గిన్నె దొరికింది. కోడలు వండి ముందు అత్తకు పెట్టింది.

"ఉప్పు సరిపోయిందా?" అంది ఎటో చూస్తూ.

మడతలమ్మ తలూపి ఇంకో ముద్ద కలుపుకుంది. ఆ మాట ఎవరూ తనను అడగక ఎన్నాళ్ళయిందో.

మొదట సాయానికి వచ్చినవాళ్ళు దుప్పట్ల మీద దుప్పట్లు పంచారు. "ఇక ఆకలేస్తే దుప్పటి నమలాలి కాబోలు" అన్నాడు పక్కగది మంగలి. తర్వాత వచ్చిన సంస్థవాళ్ళు మాత్రం డబ్బే ఇస్తామన్నారు, ఏది కావాలో ఎవరికి వాళ్ళే కొనుక్కోమన్నారు. వాళ్ళ లెక్కలో ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్ళంతా ఒక ఇల్లు, ఇంటికి ఒక సాయం.

"రెండు పొయ్యిలని చెప్పత్తా" అంది కోడలు. "అబద్ధమేం కాదుగా. నీకు పెట్టె వస్తుంది, నాకు మిషనొస్తుంది."

"అలాగేలే."

కోడలు నీళ్ళకు వెళ్ళినప్పుడు సంస్థ తరఫున వివరాలు రాసుకునే అమ్మాయి వచ్చింది.

"పెద్దమ్మా, నువ్వూ కోడలూ వేరుగా వండుకుంటారా?"

అవుననడానికే మడతలమ్మ నోరు తెరిచింది. కానీ నలుగురిలో ఆ మాట అంటే, తెగి ఇప్పుడిప్పుడే అతుక్కుంటున్నది మళ్ళీ తన చేత్తోనే తెంపినట్టనిపించింది.

"మా పొయ్యి ఒక్కటేనమ్మా" అంది.

సంగతి విని కోడలు బిందె దభీమని దించింది. "నీకేమన్నా మతి పోయిందా? నేను దేంతో కుట్టను, వేళ్ళతోనా?"

"వెళ్ళి చెప్పవే. ముసలిది మతిలేక వాగిందని చెప్పు. దిద్దుతారు."

కోడలు విసురుగా బయటికి నడిచింది. ఆ అమ్మాయి ఇంకా గేటు దగ్గరే ఉంది, చుట్టూ ఎవరూ లేరు. కోడలు సగం దూరం వెళ్ళి ఆగింది. కాసేపు అలాగే నిలబడి తిరిగొచ్చింది.

"చెప్పావా?"

"జనం ఎక్కువగా ఉన్నారు" అంటూ కోడలు పొయ్యి ముందు కూర్చుంది.

వచ్చిన డబ్బు ఒక పాత మిషనుకు, కాస్త గింజలకు సరిపోయింది. మిషనే కొనమని పట్టుబట్టింది మడతలమ్మే. కోడలు జాకెట్లు కుడుతుంటే ఆమె పక్కన కూర్చుని హుక్కులు కుట్టడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ తన పనికి తనే యజమాని. ఇప్పుడు కోడలి చేతికింద కొత్త పని.

"ఇది వంకరపోయిందత్తా. విప్పు."

"ఇందాకే రెండుసార్లు విప్పించావు కదే."

"మళ్ళీ విప్పు. తొడుక్కునే ఆవిడ ఊరుకోదు."

మడతలమ్మ జాకెట్టును వెలుతురులోకి జరుపుకుంది. దారం తెంపి, సూది కోడలికి అందించింది, ఎక్కించి ఇమ్మని.