మా యారాలు నవ్విన ఊరు

పోయిన నెలలో ఒక పొద్దున, పొయ్యి మీద చాయ్ పొంగకముందే, మా యారాలు కన్నుమూసింది. మా ఆయన అన్న భార్య ఆమె. తోటికోడలిని మా ఆదిలాబాద్ దిక్కు యారాలు అంటాం. చాన్నాళ్లుగా మంచంలోనే ఉంది కాబట్టి ఎవరూ ఉలిక్కిపడలేదు. బావ గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. నేను ఆమె కాళ్లు సరిచేసి, దుప్పటి కప్పి, ఫోన్ తీశాను. సుల్తానాబాద్‌లో ఉన్న ఆమె స్నేహితురాలికి ముందు చెప్పాలి. ఆమెకు చెబితే మిగతా ఇద్దరికీ తెలిసిపోతుంది. నంబరు తెరిచి పెట్టుకుని కాసేపు అట్లాగే ఉన్నాను. చెప్పిన మరుక్షణం ముగ్గురూ బయల్దేరతారు. గది నిండిపోతుంది. ఏడుపులో కూడా వాళ్లదే ముందు వరుస అవుతుంది. బావ పక్కనే ఉన్నా, ఆ కాసేపు మాత్రం ఆమె పోయిన సంగతి నా ఒక్కదానిది. రాయకూడని మాటే కావచ్చు. కానీ ఆమె గురించి రాస్తూ నా అసూయను పక్కన పెడితే సగం మనిషినే రాసినట్టవుతుంది.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే ఆమె సర్కారు బడిలో టీచర్. పై అంతస్తులో వాళ్లు, కింద మేము, వంట మాత్రం కలిపే. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. సాయంత్రం బడి నుంచి వస్తూ ఆమె నా మిషన్ దగ్గర ఆగి, చక్రాన్ని చేత్తో ఒకసారి తిప్పి పోయేది. దారం చిక్కుపడేది. "ఎందుకు తిప్పుతవక్కా?" అని విసుక్కుంటే, "గట్లనన్న తల ఎత్తుతవని" అనేది.

ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మా ఇద్దరికీ మాట తేడా వచ్చి నేను మూతి ముడుచుకుని తిరుగుతుంటే కంచంలో అన్నం పెట్టి నా ముందు జరిపేది. "తిన్నంక అలుగుదువు తియ్" అనేది, అంతే. తిన్నాక అలగడం నాకు ఎన్నడూ చేతకాలేదు. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆమె పళ్లు ఎట్లా ఉంటాయో నేను సరిగ్గా చూసింది ఫోటోల్లోనే.

ఆ ఫోటోలు కరీంనగర్‌వి. ట్రైనింగ్ చదివేటప్పుడు అక్కడి హాస్టల్లో ఒకే గదిలో ఉన్న నలుగురి సోపతి వాళ్లది. ఒకామె సుల్తానాబాద్, ఒకామె మెట్‌పల్లి, ఒకామె కరీంనగర్‌లోనే స్థిరపడింది. ఏటా చలికాలంలో ఒక శనివారం, ఆదివారం నలుగురూ కరీంనగర్‌లో కలిసేవారు. హోటల్లో గది తీసుకునేవారు. ఆ ఊరి ఆమె కూడా సంచి సర్దుకుని తన ఇంటి నుంచి హోటల్‌కే వచ్చేది. ఇంట్లో దిగొచ్చు కదా అని నేనొకసారి అంటే మా యారాలు, "ఇంట్ల దిగితె మళ్ల పొయ్యి ముందట మేమే గదనే" అంది.

తినడం, తిరగడం, ఆదివారం పొద్దున డ్యాం కట్ట మీద ఉరుకుడు. ఆ ఊళ్లో వాకింగ్ చేసేవాళ్లు కలిసి పెట్టుకునే సరదా పరుగు అది. ఫన్ రన్ అంటారు. పిల్లలు, ముసలివాళ్లు, ఎవరైనా రావచ్చు. చివరిదాకా వచ్చిన ప్రతివారి మెడలో ఒక పతకం వేస్తారు. ఆమె కరీంనగర్ పోయే వారం నాకు బాగా గుర్తుంటుంది. శుక్రవారం నుంచే ఆమె నడక మారేది. బీరువా ముందు నిలబడి కూనిరాగం తీసేది. వాళ్ల కోసం నువ్వులు ఎక్కువ వేసి సకినాలు చేసేది. చుట్టడానికి నేను కూర్చునేదాన్ని, తినడానికి వాళ్లు ఉండేవారు. ఆదివారం రాత్రికి వచ్చి ఫోటోలు చూపించేది. ప్రతి ఫోటోలో ఆమె తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి నవ్వుతూ ఉండేది. "మంచిగున్నయ్ అక్కా" అని ఫోన్ తిరిగి ఇచ్చేదాన్ని. ఇన్నేళ్లు ఒక్క గిన్నెలో అన్నం తిన్నాం, నాకు దొరకని నవ్వు వాళ్లకు ఎక్కడిది అని నా కడుపు మండేది.

ఒక ఏడు మెట్‌పల్లి ఆమెకు కూతురి కాన్పు వచ్చింది, రాలేనంది. మా యారాలు నా మిషన్ దగ్గరికి వచ్చి చక్రం తిప్పి, "నువ్వు రారాదు?" అంది.

"నేనెందుకక్కా? మీ దోస్తుల నడుమ."

"గది మాట్లాడుకున్నం. మంచం ఖాళీ ఉంటది. నువ్వు గూడ జర బయట తిరిగినట్టుంటది."

ఖాళీ మంచం నింపడానికి పిలుస్తోందని మనసు చివుక్కుమంది. అయినా పోయాను. పోకుంటే ఆ ఊళ్లో ఏముందో ఎన్నటికీ తెలియదు కదా. బజారులో బూట్లు కొనుక్కున్నాను. దారంతా బస్సులో ఇద్దరం ఎప్పట్లాగే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. కరీంనగర్ బస్టాండులో దిగగానే సుల్తానాబాద్ ఆమె దూరం నుంచి, "రైలొచ్చిందే" అని కేకేసింది.

రైలు అంటే మా యారాలే. హాస్టల్లో ఆమె ఆపకుండా మాట్లాడేదట, అందుకని ఆ పేరు. ఇంట్లో పిలిస్తే తప్ప పలకని మనిషికి ఇక్కడ రైలు అని పేరా? నేను చూస్తుండగానే ఆమె నిజంగానే రైలైంది. హోటల్ మెట్లు ఎక్కుతూ మొదలుపెట్టిన కథ సాయంత్రం డ్యాం దగ్గర చేపల వేపుడు తినేదాకా నడిచింది. హాస్టల్ వార్డెన్ గొంతు తీసింది, బడిలో హెడ్‌మాస్టర్ నడక నడిచి చూపింది. ముగ్గురూ ఒకరి ఆకులోంచి ఒకరు ముక్కలు లాక్కుని తిన్నారు. మధ్యలో నా మొహం చూసి కరీంనగర్ ఆమె, "నీకు తెల్వదు గదా, ఏమైందంటే..." అని ప్రతి జోకూ విడమరచి చెప్పింది. మర్యాద గల మనిషి. కానీ విడమరచిన జోకుకు ఎవరికి నవ్వొస్తుంది? కారం ఎక్కువైందని చెప్పి కళ్లు తుడుచుకున్నాను.

ఆదివారం పొద్దున కట్ట మీద మంచు ఇంకా విడవలేదు. నీళ్లు, ఆకాశం ఒక్క తీరుగా ఉన్నాయి. విజిల్ ఊదగానే జనం కదిలారు. వాళ్లు ముగ్గురూ చేతులు పట్టుకుని వరుసగా నడుస్తున్నారు. నాలుగో మనిషిగా నన్ను కలుపుకోవడానికి కరీంనగర్ ఆమె చెయ్యి ఇటు చాపింది. నేను చూడనట్టు ముందుకు పోయాను. ముందు నడిచాను, తర్వాత ఉరికాను. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ఉరికాను. పడుచు పిల్లలను దాటాను, పంజాబీ డ్రెస్సుల వాళ్లను దాటాను. వెనుక నుంచి ఆమె నవ్వు వినిపిస్తున్నంత సేపూ నా కాళ్లు ఆగలేదు. అది వినపడనంత దూరం పోవాలని తప్ప నాకు వేరే ఆలోచన లేదు.

చివరికి చేరితే ఎవరో నా మెడలో పతకం వేసి, చేతిలో అరటిపండు పెట్టారు. "అమ్మా, ఆడోళ్లల్ల మీరే ముందొచ్చిన్రు" అని చప్పట్లు కొట్టారు. చూడటానికి నా వాళ్లు ఎవరూ లేరు. పండు ఒలుచుకుని ఒంటరిగా తిన్నాను. ఎంతోసేపటికి, దాదాపు అందరూ వచ్చేశాక, వాళ్లు ముగ్గురూ దారిలో కొన్న జామకాయలు కొరుక్కుంటూ వచ్చారు. మా యారాలు నా దగ్గరికి వచ్చి పతకాన్ని రెండు వైపులా తిప్పి చూసింది. నా మొహం వైపు చూసింది. చుట్టూ గోలగా ఉన్నా ఆమె మెల్లగా అన్నది నాకు బాగానే వినిపించింది.

"ఎవరి మీద కోపమో గాని, మంచిగ ఉరికినవ్."

నేను అరటి తొక్క పారేసే చోటు వెతుకుతున్నట్టు అటు తిరిగాను.

"పా, ఇడ్లీలు చల్లారుతయి. తిన్నంక అలుగుదువు" అని నా భుజం మీద చెయ్యి వేసి నడిపించుకుపోయింది. టిఫిన్ బండి దగ్గర పక్కనే కూర్చుంది గానీ మాటలన్నీ ఎదురుగా ఉన్న వాళ్లతోనే.

తిరుగు బస్సులో నా భుజం మీద తల పెట్టి ఆదిలాబాద్ దాకా నిద్రపోయింది. నవ్వంతా అక్కడ వదిలి, అలసిపోయిన ఒళ్లు మాత్రం నాకు తెస్తుందని అప్పుడు అనుకున్నాను. మరుసటి ఏడు మెట్‌పల్లి ఆమె వచ్చింది. నన్ను కూడా రమ్మన్నారు. కుట్టు పని ఉందని చెప్పాను.

జబ్బు సంగతి తెలిశాక నా అసూయ తగ్గాలి కదా. తగ్గలేదు. దవాఖానాకు తీసుకుపోయింది నేను, వాంతులు ఎత్తింది నేను, జుట్టు ఊడిపోతుంటే దిండు దులిపింది నేను. వాళ్లు వస్తున్నారని ఫోన్ వస్తే చాలు, "జర నన్ను కూసోబెట్టవే" అనేది. మొహం కడిగి, పౌడర్ రాసి, నెత్తికి రంగు రుమాలు కట్టించుకునేది. వాళ్లు గదిలోకి రాగానే రైలు మళ్లీ కదిలేది. నేను వంటింట్లో చాయ్ కాస్తూ ఆ నవ్వులు వినేదాన్ని. వాళ్లు వెళ్లిపోయాక గోడ వైపు తిరిగి పడుకునేది. రెండు రోజులు నోట మాట ఉండేది కాదు.

పదకొండో రోజు కార్యం అయ్యాక చుట్టాలు భోజనాలకు కూర్చున్నారు. వాళ్లు ముగ్గురూ నా గదికి వచ్చారు. కూర్చోమన్నాను. సుల్తానాబాద్ ఆమె నా వైపు జరిగి అడిగింది.

"చెల్లె, అది ఇంట్ల ఎట్లుండేది?"

నాకు ప్రశ్న అర్థం కాలేదు.

"మాకు అది ఏడాదికొక్కసారి దొరికేది. పండుగ తీరు వచ్చి పోయేది. ఒట్టి దినం ఎట్లుంటదో మాకు తెల్వదు. పొద్దున లేవంగనే ఏం జేసేది? కోపమొస్తే ఏమనేది? నీకెర్క గద. నిన్ను జూస్తె నాకు ఎప్పుడు కడుపుల మంటనే ఉండె."

మెట్‌పల్లి ఆమె కళ్లు వత్తుకుంటూ, "ఆ ఉరుకుడు నాడు గూడ నీ గురించే చెప్పిందంటనే, కట్ట పొడుగునా. మా చెల్లె జాకెట్ కుడితె ఒంటికి అతికినట్టుంటది, మా చెల్లె గిట్ల, మా చెల్లె గట్ల అని" అంది.

"నేను విని విని యాష్టకొచ్చి, జామకాయలు కొనిచ్చి నోరు మూయించిన" అంది కరీంనగర్ ఆమె.

అప్పుడు చెప్పాను వాళ్లకు. పొద్దున లేవగానే చన్నీళ్లు తాగి వాకిట్లో కాసేపు ఊరికే నిలబడేదని, పప్పులో ఉప్పు ఎక్కువైతే ఎవరూ అనకముందే తనే పెరుగు తెచ్చి పెట్టేదని, పరీక్ష పేపర్లు దిద్దుతూ తప్పు రాసిన పిల్లల మీద జాలిపడి తనలో తాను మాట్లాడుకునేదని. ముగ్గురూ ఆకలితో ఉన్నవాళ్లలా విన్నారు. ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అన్నారు. చాలా చెప్పాను. ఒక్కటి మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు, ఉంచుకున్నాను.

పత్తి బండ్లు ఊళ్లోకి వస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం సంగతి అది. వాళ్లు వచ్చి పోయారు. ఆమె గోడ వైపు తిరిగింది. ఉండబట్టలేక అడిగేశాను. "వాళ్లొస్తె గంత నవ్వుతవ్. నాతోని ఒక్క మాటన్న మాట్లాడవేందక్కా?"

కళ్లు తెరవకుండానే ఇటు తిరిగింది.

"వాళ్ల ముందట నవ్వాలె గదనే. అంత దూరం కెల్లి వస్తరు." కాస్త ఊపిరి తీసుకుంది. "నీ ముందట నవ్వకున్నా నడుస్తది."

తర్వాత కాళ్లు నా ఒడిలోకి జరిపి పడుకుంది. నేను పాదాలు ఒత్తుతూ కూర్చున్నాను. దగ్గర్లో పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లు నుంచి గాలికి లేచిన దూది పోగులు కిటికీలోంచి ఒక్కొక్కటే వస్తున్నాయి. ఎండలో కాసేపు తేలి, దుప్పటి మీద, ఆమె రుమాలు మీద వాలుతున్నాయి. ఒకటి ఆమె పై పెదవి మీద వాలింది. తీయబోయి చెయ్యి ఆపాను. ఆమె ఊపిరి వదిలినప్పుడల్లా అది కొద్దిగా లేచి, మళ్లీ అక్కడే ఆనుతోంది.