కాలేజీ మార్పు అర్జీ

“ఇంట్లో మాట్లాడేది తెలుగే గదా అమ్మణీ. తమిళమని యాటికి రాయల్ల?”

“తెలుగని చెప్పిందానికే ఈ పాటు అవ్వా. మాట్లాడతాను సరే, ఒక్క అక్షరం రాదే. క్లాసులో పద్యం చదవమంటే గోడ చూస్తా నిలబడుకొంటాను.”

“నేర్చుకో. రెండో క్లాసుతో నిలిచిపోయిన దాన్ని, నాకి రాలేదా?”

“నీకి వాద్యారు నేర్పిచ్చినాడు. నాకి బడంతా తమిళమే. ఈ ఏడు ఫెయిలైతే మిల్లులో నూలు చుట్టే పనికి పంపిస్తారు. ముందు పంపించేది నువ్వే.”

మనుమరాలిని మదురైలో హాస్టలున్న కాలేజీలో చేర్చిన రోజు, దాని తల్లిదండ్రులకు మిల్లులో సెలవు దొరకక, వెంట వెళ్ళింది నేనే. గుమాస్తా మాతృభాష ఏదని అడిగితే తెలుగు అని గట్టిగా చెప్పాను. మాట్లాడే పిల్లకు చదవడం దానంతటదే వస్తుందనుకున్నాను. ఆయన దాన్ని తమిళానికి బదులు తెలుగు క్లాసులో వేశాడు. మార్చుకునే గడువు దాటిపోయి, సెలవులకు ఇంటికి వచ్చాక గాని అది నాకు చెప్పలేదు. తమిళం తీసుకోవాలంటే ఇక కోయంబత్తూరులో మా ఇంటి దగ్గరి కాలేజీకి మారడమే దారి. ఆనాడు చేర్చిన పెద్దల సంతకం లేనిదే అర్జీ చెల్లదు. అర్జీలో మాతృభాష గడిని ఖాళీగా వదిలేసి అది లేచి వెళ్ళింది.

మరునాడు పొద్దున మిల్లు సైరను మోగి, కొడుకూ కోడలూ షిఫ్టుకు వెళ్ళాక, దాన్ని పిలిచి అర్జీ ముందు పెట్టాను. “తమిళమని రాయి” అన్నాను. అది రాసింది. కింద నేను తెలుగులో సంతకం చేశాను. ఇద్దరం నడిచి వెళ్ళి, కాలేజీ ఆఫీసులో ఇచ్చి వచ్చాము.